ఉయ్యాలకొకటి, మెడకొకటి

పేరు దొంగిలిస్తే పోలీసులు పట్టుకోరు. పట్టుకునేట్టయితే ఆ ఇంటి చిన్న కోడలు ఈపాటికి కటకటాల వెనక ఉండేది. వాళ్ళు పట్టుకోరు కాబట్టే పెద్ద కోడలు ఆ పని తనే చేసింది, అదీ ఒక కుక్కపిల్ల సాయంతో. తప్పా ఒప్పా అన్నది తర్వాత తీరిగ్గా తేల్చుకోండి. ముందు జరిగింది వినండి.

పెద్ద కోడలికి పేర్లు చెక్కే దుకాణం ఉంది. తలుపుల మీద బిగించే ఇత్తడి పలకలు, ఆటల పోటీల్లో ఇచ్చే కప్పుల కింది రేకులు, ఆఫీసు బల్లల మీద పెట్టుకునే పేర్లు, అన్నీ ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. ఇరుకు గది, ఒక్కటే కిటికీ, ఏ మూల చెయ్యి పెట్టినా ఇత్తడి రజను. ఆ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. పేరు ఇచ్చినవాళ్ళు, ముందు పనికిరాని రేకుముక్క మీద ఆమె చెక్కి చూపించినదాన్ని పైకి చదవాలి. పలక తయారయ్యాక, చేతికి తీసుకునే ముందు మళ్ళీ చదవాలి. గొణిగితే ఒప్పుకోదు. "కాగితం మీద తప్పు పోతే కొట్టేసుకోవచ్చు. ఇత్తడి మీద పోతే నా తల కొట్టుకోవాలి" అంటుంది. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, ఆమె ముందు నిలబడి తన పేరు తనే బడిపిల్లాడిలా చదువుకుని వెళ్ళాల్సిందే.

ఒకరోజు వడ్రంగి వచ్చాడు. మంచాలు, ఉయ్యాలలు చేసే మనిషి. ఇత్తడి పని అతనికి రాదు, అందుకని ఎప్పుడూ ఇక్కడికే తెస్తాడు. ఉయ్యాల తల వైపు బిగించడానికి కోడిగుడ్డు ఆకారంలో పలక కావాలన్నాడు. పేరేమిటని అడిగితే చెప్పాడు. ఆమె చేతిలో ఉలి అక్కడికక్కడే ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పు" అంది.

"మిణుకు అండీ. నాకూ వింతగానే ఉంది. ఆడపిల్లయినా మగపిల్లాడైనా సరిపోతుందట, ముద్దుగానూ ఉంటుందట. ఇంకా పుట్టలేదుగా, ముందే ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరింట్లో?"

"అదే, డ్రైవింగ్ స్కూలాయన లేడూ? వాళ్ళింట్లో. ఆవిడకి ఇది ఏడో నెల."

డ్రైవింగ్ స్కూలాయన స్వయానా ఆమె మరిది. ఆవిడంటే తోటికోడలు. ఆ సంగతి వడ్రంగికి తెలీదు. వడ్రంగి ఇత్తడి పని ఎవరి దగ్గరికి తెస్తాడో చిన్న కోడలికీ తెలీదు. మహా తెలివైనవాళ్ళు బోల్తా పడేది ఇదిగో, ఇలాంటి చోటే.

మిణుకు అన్నది ఎక్కడో విని తెచ్చుకున్న పేరు కాదు. కొన్నేళ్ళ కిందట పెద్ద కోడలికి నెల తప్పింది. స్కానింగ్ గదిలో మసక తెర మీద ఒక చుక్క వెలుగుతూ ఆరుతూ కనిపిస్తే, అదే గుండె అని డాక్టరమ్మ చూపించింది. "భలే, మిణుకు మిణుకుమంటోందే!" అన్నాడు మొగుడు. "అయితే అదే పేరు" అంది ఈమె. ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. చుక్క ఆరిపోయింది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నది అప్పుడే కొత్తగా కాపురానికి వచ్చిన ఈ చిన్న కోడలే. ఏడుస్తూ ఏడుస్తూ పెద్దది ఆ పేరు ఆమెకి చెప్పింది. ఎవరితోనూ అనొద్దంది. "ఒట్టు అక్కా, నా నోటంట రాదు" అంది చిన్నది. అప్పటినుంచి ఆ పేరు మొగుడూ పెళ్ళాం కూడా పైకి అనలేదు. మళ్ళీ కడుపు పండలేదు, ఆ పేరుతో పనీ పడలేదు.

వడ్రంగి వెళ్ళగానే దుకాణానికి తాళం వేసి, తిన్నగా అత్తగారింటికి వెళ్ళింది. అత్తగారు చిన్న కొడుకు దగ్గరే ఉంటుంది. అత్తాకోడళ్ళిద్దరూ హాల్లో టీ తాగుతున్నారు. చెప్పులు కూడా విప్పకుండా, "అది నా పేరు" అంది పెద్ద కోడలు.

చిన్నదాని మొహంలో రంగు మారింది కాబట్టి, ఏ పేరని అడగాల్సిన అవసరం ఆమెకి లేకపోయింది. అత్తగారు మాత్రం సంగతంతా విని పెదవి విరిచింది.

"పుట్టని బిడ్డకి పేరేంటే? చోద్యం కాకపోతే! లోకంలో పేర్లకేమన్నా కరువొచ్చిందా? నీకు పుట్టినప్పుడు ఇంకోటి పెట్టుకో."

చిన్న కోడలు పొట్ట మీద చెయ్యేసుకుని మెల్లిగా అంది. "నువ్వెలాగూ వాడలేదు కదక్కా. అంత మంచి పేరు ఊరికే పోతుందేమోనని."

వాడలేదట! అటక మీద పడేసిన పాత సైకిలా అది, వాడలేదు కాబట్టి దించుకుపోవడానికి? పెద్ద కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. అరిచి గోల చేస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. కడుపుతో ఉన్నదాన్ని ఏడిపించిందన్న మాట మిగులుతుంది, పేరు మాత్రం వాళ్ళకే మిగులుతుంది. అందుకని నోరు నొక్కుకుంది.

"నిజమేలే, నేను వాడలేదు" అంది నవ్వు మొహం పెట్టి. "ఆ పలక చెక్కేది నేనే. వచ్చే నెల భోజనాలకి పిలిచారుగా, నేనే తెచ్చి బిగిస్తా."

"నువ్వే చెక్కుతున్నావా? అయితే ఇంకా మంచిది" అంది చిన్నది. ఎంత గుండె ధైర్యమో చూడండి.

ఇక కుక్కపిల్ల సంగతికొస్తే, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే దాన్ని తెచ్చింది మొగుడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. పెద్ద పెద్ద భవనాల్లో ఆగిపోయిన లిఫ్టులు బాగుచేస్తాడు. ఒక భవనంలో ఇల్లు మారుతున్నవాళ్ళు కోర్గీ అనే పొట్టికాళ్ళ జాతి కుక్కపిల్లని ఏం చేయాలో తెలియక తల పట్టుకుంటే, పనిముట్ల సంచీతో పాటు దాన్నీ చంకన పెట్టుకొచ్చాడు. పొట్ట నేలని ఊడుస్తూ ఉంటుంది. కాళ్ళు ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. చెవులు మాత్రం వేరే పెద్ద కుక్కవి తెచ్చి అతికించినట్టున్నాయి. తోక లేదు కాబట్టి సంతోషమొస్తే వెనకభాగం మొత్తం ఊపుతుంది.

"ఆడదా, మగదా?" అని అడిగింది.

"చూడలేదే" అన్నాడు తల గోక్కుంటూ. "వాళ్ళు పప్పీ, పప్పీ అనేవాళ్ళు. ఏదైతే ఏంలే, రెంటికీ సరిపోయేది, ముద్దుగా ఉండేది పెడదాం. బంతి?"

"బంతిని పిలిస్తే వస్తుందా? తన్నితే వస్తుంది."

"బొంగరం? బటన్? పొట్టి?"

"పొట్టి అంటే మీ అక్క పలుకుతుంది."

ఆయన పగలబడి నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించింది. కుక్కపిల్ల కూడా తన గురించే అనుకుని ఒక గంతు వేసింది. ఆయన చెబుతూ పోయాడు, ఈమె కొట్టేస్తూ పోయింది. ఆడైనా మగైనా సరిపోయేది, ముద్దుగా ఉండేది. ఈ మాటే ఎక్కడో విన్నట్టుందే అనుకుంది. వడ్రంగి నోట విన్నది. అంతే, ఆమె మొహంలో నవ్వు పోయింది. కుక్కపిల్లని ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టి, దాని కళ్ళలోకి చూసి చెప్పింది.

"మిణుకు."

మొగుడు చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టేశాడు. "వద్దు" అన్నాడు. "అది మన బిడ్డ పేరు."

"మన బిడ్డ పేరైతే ఇంకొకళ్ళ ఉయ్యాలకి ఎందుకు చెక్కుతున్నాను?" అని జరిగిందంతా చెప్పింది. వాళ్ళమ్మ అన్న మాట, మరదలు అన్న మాట, ఒక్కటీ మింగకుండా చెప్పింది. ఆయన మొహం ఎర్రబడింది. తమ్ముడితో మాట్లాడతానన్నాడు.

"మాట్లాడితే ఏమంటారు? పేర్లకేమన్నా కరువా అంటారు. మీరు ఊరుకోండి. నేను వాడలేదనేగా వాళ్ళ బాధ? వాడి చూపిస్తా. ఒకసారి ఇది కుక్కపేరయితే, దాన్ని ఏ తల్లి తన బిడ్డకి పెట్టుకుంటుందో చూస్తా."

"నీ కోపం నీ ఇష్టం" అన్నాడు ఆయన. "ఆ పేరు మాత్రం నా నోటితో పలికించకు. నా వల్ల కాదు."

అన్నట్టే పలకలేదు. ఆ రోజునుంచి కుక్కపిల్లని ఏయ్ అనేవాడు, ఇదిగో అనేవాడు, చిటిక వేసేవాడు. అన్నం పెట్టేవాడు, తిప్పుకొచ్చేవాడు, చెవుల వెనక గోకేవాడు, పేరు మాత్రం పెదవి దాటనిచ్చేవాడు కాదు. ఆ ఏయ్ విన్నప్పుడల్లా పెద్ద కోడలికి ముల్లు గుచ్చుకున్నట్టుండేది. పగ తీరి, పేరు దక్కి, ఆయన మాత్రం జన్మలో దాన్ని పలక్కపోతే తనకి ఒరిగేదేమిటి? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె దాన్ని పక్కకి నెట్టేసి పనిలో పడేది. ముందు కుదర్చాల్సిన తిక్క ఒకటుంది.

ఒకే ఇత్తడి రేకులోంచి రెండు బిళ్ళలు కోసింది. కోడిగుడ్డు ఆకారంలో ఉన్నది ఉయ్యాలకి, రూపాయంత గుండ్రంగా ఉన్నది మెడకి. రెంటి మీదా ఒకటే రాత, ఒకటే లోతు. అంచులు ఆకురాయితో నున్నగా రుద్దింది. పని దగ్గర కక్ష చూపించే మనిషి కాదామె. చిన్న కోడలి పలకకి ఒక్క గీత కూడా వంకర పోనివ్వలేదు.

తర్వాత కుక్కపిల్లకి చదువు మొదలైంది. దాన్ని రోజూ దుకాణానికి తీసుకెళ్ళి పనిబల్ల కింద పడుకోబెట్టేది. మెడలో బిళ్ళ చూపిస్తూ పేరు పలికి, తల తిప్పితే ఒక బిస్కెట్టు ముక్క. తన గొంతు ఒక్కటే అలవాటైతే చాలదు, ఎవరి గొంతు విన్నా రావాలి. అందుకని పలకల కోసం వచ్చినవాళ్ళు తమ పేర్లు చదువుకున్నాక, "ఇదొకటి కూడా చదివి పెట్టండి" అని ఆ గుండ్రటి బిళ్ళ చూపించేది. డాక్టర్లు చదివారు, లాయర్లు చదివారు, కప్పు గెలిచిన కుస్తీ మనిషి ఒకడు దుకాణం అదిరిపోయేలా చదివాడు. చదివిన ప్రతివాడి కాళ్ళ దగ్గరికీ బల్ల కింది నుంచి ఆ పొట్టిది దొర్లుకుంటూ వచ్చేది. ప్రతివాడూ మురిసిపోయి బిస్కెట్టు పెట్టేవాడు. నెల తిరిగేసరికి ఆ పేరు ఎవరు గట్టిగా అన్నా, కుక్కపిల్ల ఎంత నిద్రలో ఉన్నా లేచి రావడం నేర్చుకుంది.

భోజనాల రోజు రానే వచ్చింది. కుక్కపిల్ల మెడకి ఒక చేతిరుమాలు కట్టి బిళ్ళ కనపడకుండా చేసి, పలకని మెత్తటి గుడ్డలో చుట్టుకుని బయల్దేరింది. మొగుడు పక్కన నడిచాడు.

అత్తగారింటి హాల్లో కిటికీ పక్కన ఉయ్యాల పెట్టారు. కొత్త చెక్క వాసన ఇల్లంతా ఉంది. తల వైపు పలక కోసం రెండు చిల్లులు సిద్ధంగా ఉన్నాయి. కుక్కపిల్లని చూసి అందరూ ముద్దు చేశారు. మరిది అయితే దాన్ని ఒళ్ళో వేసుకుని, "వదినా, దీనికి డ్రైవింగ్ నేర్పితే కాళ్ళకి క్లచ్ అందదే!" అని హాస్యమాడాడు.

"ఏం పేరు పెట్టావక్కా?" అని చిన్న కోడలు అడిగింది.

"తిన్నాక చెప్తా. తొందరేముంది?" అంది పెద్ద కోడలు. మొగుడు తల వంచుకుని నీళ్ళు తాగాడు.

భోజనాలయ్యాయి. కుక్కపిల్ల సుష్టుగా తిని బల్ల కింద వెల్లకిలా పడి నిద్రపోయింది. అప్పుడు పెద్ద కోడలు గుడ్డ విప్పి పలక బయటికి తీసింది. ఎండ పడి ఇత్తడి తళతళలాడింది. అబ్బ, ఎంత బాగుందే అంది అత్తగారు. చిన్న కోడలు చెయ్యి చాచింది.

"ఉండు. మా దుకాణం పద్ధతి ఒకటుంది, నీకూ తెలుసుగా. చదివి తీసుకోవాలి."

"ఇంట్లోవాళ్ళకి కూడానా?" అని నవ్వుతూ చదివింది చిన్నది. "మిణుకు."

"గొణిగితే ఒప్పుకోను. గట్టిగా."

చిన్న కోడలు గొంతు సవరించుకుంది. "మిణుకూ!"

బల్ల కింద టకటకమని గోళ్ళ చప్పుడైంది. నిద్రకళ్ళతో కుక్కపిల్ల బయటికి వచ్చి, తిన్నగా చిన్న కోడలి కాళ్ళ దగ్గరికి పరిగెత్తి, బిస్కెట్టు కోసం మొహం పైకెత్తి వెనకభాగం ఊపింది. పెద్ద కోడలు వంగి దాని మెడలో రుమాలు విప్పేసింది. గుండ్రటి బిళ్ళ, అదే రాత, అదే లోతు. చదవడానికి ఎవరికీ కళ్ళజోడు అక్కర్లేకపోయింది.

చిన్న కోడలి మొహంలో నెత్తుటి చుక్క లేదు. పలకని బోర్లా తిప్పి బల్ల మీద పెట్టేసింది. కుక్కపిల్లకి ఇవేమీ పట్టవుగా, పిలిచి బిస్కెట్టు పెట్టదేమిటని ఒక్కసారి మొరిగింది.

"ఇదేం పనే!" అని అత్తగారు లేచింది. "కుక్కకి ఆ పేరేంటి? మార్చు. ఇప్పుడే మార్చు."

"ఎందుకత్తయ్యా, లోకంలో పేర్లకేమన్నా కరువొచ్చిందా?" అంది పెద్ద కోడలు. "మీ మనవడో మనవరాలో పుట్టినప్పుడు ఇంకోటి పెట్టుకోండి."

అత్తగారు తెల్లబోయి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. తన మాట తనకే తగిలితే ఎవరికైనా అంతే. మరిది మధ్యలో లేచి, "ఏంటి వదినా ఇది, కడుపుతో ఉన్న మనిషితో?" అన్నాడు. ఆమె అతని వైపు తిరిగింది. తిరగ్గానే, ఇన్నేళ్ళూ గొంతులో అడ్డం పడున్నది బయటికి వచ్చేసింది.

"నేనూ కడుపుతో ఉన్న మనిషినే ఒకప్పుడు! మీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒట్టేసింది. నా దగ్గర ఆ బిడ్డది మిగిలింది ఆ పేరొక్కటే. బట్ట లేదు, బొమ్మ లేదు, ఫొటో లేదు. ఆ ఒక్కటీ కూడా వాడలేదని పట్టుకుపోతారా? అడిగితే ఇచ్చేదాన్నేమో. ఒక్కరైనా అడిగారా?"

చిన్న కోడలు వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, "అడిగితే ఇవ్వవేమోనని భయమేసింది అక్కా" అంది. ఆ మాట నిజమేనని పెద్ద కోడలికి అనిపించింది. అయినా మనసు కరగలేదు. కరగాలని ఏమన్నా రాసుందా? ఆమె కుక్కపిల్లని చంకనెత్తుకుని గడప దాటింది. మొగుడు వెనకే వచ్చాడు.

దారంతా ఆమె ఒళ్ళు గాల్లో తేలుతున్నట్టుంది. లేదని అబద్ధమాడి ఏం లాభం? ఆ బోర్లా పడ్డ పలక, ఆ తెల్లబోయిన అత్తగారి మొహం తలుచుకున్నకొద్దీ కడుపు చల్లబడింది. ఇంటికొచ్చి టీ పెట్టింది. రెండు కప్పుల్లో పోసి తెచ్చేసరికి మొగుడు హాల్లో లేడు. చూస్తే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, బూట్లు ఒకటి విప్పి, ఒకటి విప్పక. కుక్కపిల్ల లోపలి గదిలో ఎక్కడో ఆయన చెప్పు కొరుకుతోంది.

ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆయన తనని చూడలేదు. గొంతు పెగల్చుకుంటున్నాడు, నోరు తెరిచి మళ్ళీ మూసుకుంటున్నాడు. చివరికి, దాదాపు గాలి పీల్చినంత మెల్లిగా అన్నాడు.

"మిణుకూ."

గొణిగితే రాదు కదా అది. రాలేదు. ఆయన తల అడ్డంగా ఊపుకుని, కళ్ళు తుడుచుకుని, ఈసారి ఇల్లంతా వినపడేలా పిలిచాడు. లోపల చెప్పు కిందపడ్డ చప్పుడైంది. గోళ్ళు టకటకలాడించుకుంటూ, మలుపు దగ్గర జారిపడి లేచి, ఆ పొట్టిది ఆయన ఒళ్ళోకి వచ్చి పడింది. ఆయన మళ్ళీ పిలిచాడు, ఒళ్ళోనే ఉన్నా పిలిచాడు. పిలిచినప్పుడల్లా అది మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళకి ఆ పేరుతో పిలిస్తే ఒక ప్రాణి తిరిగి చూసింది. పెద్ద కోడలు టీ కప్పులు రెండూ కింద పెట్టి, అక్కడే మెట్టు మీద కూలబడి, ఆయన భుజానికి తల ఆనించి ఏడ్చింది. అత్తగారింట్లో గెలిచినప్పుడు రాని ఏడుపు అది.

కొన్నాళ్ళకి వడ్రంగి మళ్ళీ వచ్చాడు. కోడిగుడ్డు ఆకారపు పలక తిరిగి ఇచ్చేశారన్నాడు. వేరే పేరుతో కొత్తది కావాలట. ఆ పాతది ఏం చేయమంటారని అడిగాడు. ఆమె అతని చేతిలోంచి దాన్ని తీసుకుని, బల్ల కింద కుక్కపిల్ల పడుకునే చెక్కపెట్టె అంచుకి రెండు మేకులతో అక్కడికక్కడే కొట్టేసింది.

కొత్త పేరు రేకుముక్క మీద చెక్కి ఇచ్చింది. వడ్రంగి పైకి చదివాడు. మంచి పేరే. ఆడైనా మగైనా సరిపోయేదే, ముద్దుగానే ఉంది. ఆమె దాన్ని కొత్త ఇత్తడి మీద ఒక్క గీత వంకర పోకుండా చెక్కి, గుడ్డలో చుట్టి ఇచ్చి పంపింది.

"ఆవిడ మీకో మాట చెప్పమన్నారండీ" అన్నాడు వడ్రంగి, గుమ్మం దగ్గర ఆగి. "పేరు బాగుందో లేదో అక్కని అడిగి రమ్మన్నారు."

"పలక బాగుందని చెప్పు" అంది పెద్ద కోడలు. తర్వాత బల్ల కిందికి వంగి, "మిణుకూ, పద, ఇంటికెళ్దాం" అంది.